సదరు మహిళ

ద్వారకానగర్‌లో జెరాక్స్ షాపు మీద మేడ.
మెట్లెక్కుతుంటే కింద మెషీను చప్పుడు,
ఎవరిదో ఆధార్ కార్డు ఒకటికి నాలుగవుతూ.
పైన సింహాచలం గారు,
టూ టౌన్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయిన మనిషి,
ఫ్యాను నా వైపు తిప్పి అడిగారు:
"భర్తా?"
కాదన్నాను.
"కూతురా?"
తల అడ్డంగా ఊపాను.
పెన్ను కాగితం మీద ఆగింది.
"అమ్మ" అన్నాను,
దొంగతనం ఒప్పుకున్నట్టు.

ఏడు మంగళవారాలుగా
తాళంచెవి పక్కింటి వాళ్లకిచ్చి
ఎక్కడికో ఎల్లొస్తోంది అమ్మ.
మూడింటిదాకా ఫోనెత్తదు.
అడిగితే గుడన్నది.
ఏ గుడి అంటే, ఎండగా ఉందే అన్నది.

నాన్న పోయి రెండేళ్లు.
మధురవాడలో రెండొందల గజాలు ఆమె పేరున ఉన్నాయి.
ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టింది
మా అన్నయ్య తవిటినాయుడు.
"ఎవడో సంతకం పెట్టించుకుంటాడు చూడు."
చెరి తొమ్మిది వేలు అనుకున్నాం.
నా వాటాకి చీటీ పాడాను.
వాడిది ఇంకా రావాలి.

ఫోటో కావాలన్నారు.
ఫోనంతా వెతికాను.
అన్నిట్లోనూ అమ్మ అంచునే ఉంది,
ఎవరి పిల్లనో ఎత్తుకుని, సగం మొహం తెగి.
చివరికి ఒక పెళ్లిలోంచి కత్తిరించి ఇచ్చాను.
ఎవరిదో పట్టుచీర భుజం ఆమె చెంపకి అంటుకునే వచ్చింది.

"ఆనవాళ్లు?"
నడకలో ఎడమకి ఒరుగుతుంది.
"అలవాట్లు? ఇష్టాలు?"
ఫ్యాను అటు తిరిగి ఇటు వచ్చింది.
ఆ గడి ఖాళీగా వదిలేసి
"పర్లేదమ్మా, చాలామందికి తెలీదు" అన్నారాయన.

మూడో వారం కవరొచ్చింది.

"10.40. సదరు మహిళ కంచరపాలెం మెట్టు వద్ద బస్సు ఎక్కినది.
11.20. కాంప్లెక్స్‌లో దిగి, జామకాయ కొని,
ఉప్పుకారం వేయించుకొని, నిలబడి తిన్నది."

జామకాయ.
పళ్లు జివ్వుమంటాయని
ముక్కలన్నీ మాకే పంచేసిన మనిషి.

"12.05. బీచ్ రోడ్డు, ఈత కొలను.
మహిళల సమయమైనందున మా ఆవిడను లోపలికి పంపడమైనది.
ఫోన్లు అనుమతించరు కాబట్టి ఫోటోలు లేవు."

అక్కడి నుంచి చేతిరాత మారింది.
గుండ్రటి అక్షరాలు, గీత దాటి కిందికి జారుతూ:

"నల్ల డ్రెస్సు, మోచేతుల దాకా. నీలం టోపీ.
మొదట గట్టు పట్టుకుని కాళ్లాడించారు.
తర్వాత వదిలేశారు.
వెల్లకిలా తేలారండి. చాలాసేపు.
కళ్లు మూసుకునే ఉన్నారు.
నవ్వుతున్నారనుకుంటాను."

ముప్పై ఏళ్లు జ్ఞానాపురంలో
పోర్టు నుంచొచ్చే బొగ్గు దుమ్ము
గిన్నెల మీద, గుమ్మం మీద, నాన్న దిండు మీద తుడిచిన చెయ్యి.
సముద్రం పక్కనే ఉండి
పాదాలు దాటి తడవని మనిషి.
"వెల్లకిలా" అన్న మాట దగ్గర వేలు పెట్టుకుని
ఎంతసేపు కూర్చున్నానో.
ఈ కాగితం నాది కాదు.
డబ్బులిచ్చి కొన్నాను గనక నాదయింది.

అన్నయ్య ఫోను: "ఏం తేలింది?"
"గుడికే" అన్నాను.
"ఏ గుడి?"
"ఎండగా ఉందిరా, తర్వాత మాట్లాడతా."

నిన్న మంగళవారం, రాత్రి,
అమ్మ తలకి నూనె పెడుతున్నాను.
కుదుళ్లలో బ్లీచింగ్ పౌడరు వాసన.
కొబ్బరినూనె ఇంకాస్త పోశాను.

ఉన్నట్టుండి అంది:
"ఒకావిడొచ్చీదే, మొన్న రెండు వారాలూ.
గట్టు మీదే కూకునీది, చీర ఎత్తి పట్టుకుని.
నానున్నాను దిగమ్మా అని సెయ్యిచ్చాను.
ఇయ్యాల రాలేదు.
ఒంట్లో బాగోలేదో ఏటో."

ఏ గట్టు అని నేనడగలేదు.
పాయ తీస్తూ
"ఉషా" అంటే "ఊఁ" అన్నాను.
"దువ్వెన గట్టిగా లాగకే."